గోదావరి బిడ్డలకు ప్రయోగశాల ఎంత దూరము?

పశ్చిమ గోదావరి జిల్లా పెనుమంట్ర మండలములోని మార్టేరు గ్రామమున 1925లో నెలకొల్పబడిన వరి పరిశోధనా స్థానమునుండి 1982లో వెలువడిన ఎం.టి.యు. 7029 అను వంగడము, ‘స్వర్ణ’ యను పేర తెలుగునేలను మాత్రమే గాక ఒడిశా, బెంగాలు, ఛత్తీస్‌గఢ్ మొదలగు రాష్ట్రములను గూడ అల్లుకొని కోటానుకోట్ల జనుల కంచములలో అన్నమైనదన్న సంగతి మన డెల్టా రైతులు గర్వముతో చెప్పుకొనునది, చెప్పుకొనదగినది. అయితే ఆ వంగడపు నారును ఆకుమడిలో పెరికి, కట్టలు కట్టి, మోకాలిలోతు బురదలో నడుము వంచి సార్వాకును దాళ్వాకును ఊడ్చిన ఆడకూలీల బిడ్డలలో, మొక్కల జన్యుశాస్త్రము చదివి అట్టి పరిశోధనా స్థానములలో శాస్త్రజ్ఞులై కూర్చుండినవారు ఎందఱని ప్రశ్నించుకొన్నప్పుడు ఆ గర్వము కొంత వెనుకకు తగ్గక తప్పదు. పొలమునకును ప్రయోగశాలకును నడుమ నున్నది ఒక్క పంటకాలువయే యైనను, దానిని దాటుటకు కొన్ని కుటుంబములకు తరములు పట్టినవి. కొన్ని కుటుంబములు నేటికిని ఈవలి గట్టుననే యున్నవి.

దళితులు, గిరిజనులు, మత్స్యకారులు, చేతివృత్తులవారు, బీదయింటి ఆడుపిల్లలు, వికలాంగులు, వీరిలో కళాశాలల విజ్ఞానశాస్త్ర విభాగములకు చేరుచున్నవారి సంఖ్య మన తాతల కాలముతో పోల్చినచో మిక్కిలి పెరిగినదనుట సత్యము. రాజ్యాంగము కల్పించిన రిజర్వేషనులును, ఉపకారవేతనములును, గురుకుల పాఠశాలలును లేనిచో ఆ పెరుగుదల కలిగెడిది కాదనుటయు సత్యమే. కాని విజ్ఞానశాస్త్రము తక్కిన చదువులవంటిది కాదు. బి.ఎస్సీ. మూడేండ్లు, ఎం.ఎస్సీ. రెండేండ్లు, పిహెచ్.డి. అయిదాఱేండ్లు, ఆపైని ఉద్యోగము స్థిరపడువఱకు ఇంకను కొన్నేండ్లు. ఇంత దీర్ఘమైన దారిలో, తోడిపిల్లలు సంపాదనలో పడి ఇంటికి డబ్బు పంపుచుండగా, తాను మాత్రము ఇంటినుండి తెప్పించుకొనుచు, అప్పుడు గాని ఇప్పుడు గాని తేలునో తేలదో తెలియని ఒక ప్రయోగమును పట్టుకొని కూర్చుండుట లేనివానికి ఎంత కష్టమో ఉన్నవానికి చెప్పిన అర్థము గాదు. ప్రవేశము కల్పించుట వేఱు, ప్రవేశించినవానిని తుదిదాక నిలుపుట వేఱు. ప్రతిభ యెచ్చట ఆగిపోయినదో పోయి వెదకి చూచినచో, అచ్చట చాలమాఱులు కొఱవడినది బుద్ధి కాదు, ఓడ చార్జీ, హాస్టలులో ఒక గది, రెండుపూటల భోజనము, అర్థమగు భాషలో ఒక పుస్తకము అని తెలియును. వానిని సమయమునకు సమకూర్చినవా రుండినప్పుడు ఈ గోదావరి మండలము ప్రపంచమునకు ఏమి యిచ్చినదో మన చరిత్రయే చెప్పుచున్నది.

భీమవరపు బాలుడు, నాయకర్ గారి ధనము

1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ మనకు క్రొత్తది కాదు. కాని ఆ కథను మనము చెప్పుకొను తీరులో ఒక లోపము కలదు. వారి మేధను కీర్తింతుము, ఆ మేధను నిలబెట్టిన చేతులను మఱతుము. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగము చేయుచు రోగపీడితుడై ముందుగానే దానిని విడిచినవారు. ఇంటి దారిద్ర్యము చూడలేక ఆ పిల్లవాడు పదమూడేండ్ల ప్రాయమున, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవచ్చునని తలచి ఇల్లు విడిచి బయలుదేఱగా, తల్లి వేంకమ్మగారు వెనుకకు రప్పించి బడికి పంపిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవ పర్యాయమున మద్రాసు హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడాయెను. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందులకు శస్త్రచికిత్సాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొర ఆగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటకు రావలసివచ్చెను. రెండుమాఱులు మెట్రిక్యులేషను తప్పి, చిన్న పట్టముతో నిలిచిన ఇట్టి యువకుని దరఖాస్తును నేటి ర్యాంకుల కాలమున, కటాఫ్ మార్కుల కాలమున, ఏ పరిశోధనా సంస్థవారైనను మొదటి వడపోతలోనే ప్రక్కకు నెట్టియుందురు. ప్రతిభ యన్నది మార్కుల జాబితాలో సమగ్రముగా కనబడునని వాదించు పెద్దలు భీమవరమున పుట్టిన ఈ ఒక్కని సంగతికి సమాధానము చెప్పవలసియున్నది.

సోదరులిరువురు కొలది దినముల వ్యవధిలో ‘స్ప్రూ’ యను గ్రహణివ్యాధికి బలియైన దుఃఖము సుబ్బారావుగారిని ఉష్ణమండల వ్యాధుల పరిశోధనకు పురికొల్పినది. హార్వర్డులో అట్టి చదువు కలదని తెలిసినను బోస్టనుకు పోవుటకు ఓడ చార్జీ యెక్కడిది? అనపర్తి వాస్తవ్యులైన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కొంత పూనుకొనిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కొంత సాయము చేయ నంగీకరించెను. 1922 అక్టోబరున బోస్టను చేరిన తరువాత ఆయన వైద్యపట్టము అచ్చట చెల్లనందున ఉపకారవేతనము దొరకలేదు. ఆసుపత్రిలో రాత్రివేళ సేవకపు పనులు చేయుచు పగటివేళ చదివెను. ఆపైని కథ లోకమెఱిగినదే: 1925లో సైరస్ ఫిస్కేతో కలసి, రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతి, తరువాతి యేండ్లలో కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిను, ఎ.టి.పి.లను గూర్చిన ఆవిష్కరణలు; లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనాధ్యక్షుడైన పిమ్మట ఫోలిక్ ఆమ్లపు సంశ్లేషణము; నేటికిని క్యాన్సరు చికిత్సలోను కీళ్ళవాత చికిత్సలోను వాడుచున్న మెథోట్రెక్సేటు; బోదకాలునకు హెట్రజాను. ఈ కడపటిదానిని గూర్చి మన జిల్లాలవారు ఒక్క నిమిషము నిలిచి ఆలోచింపవలెను. బోదకాలు మన డెల్టా గ్రామములను తరతరములు పట్టి పీడించిన వ్యాధి. సామూహిక ఔషధ పంపిణీ దినములలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి మ్రింగించిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. ఒక ధర్మసంస్థ ఒక బీద విద్యార్థిని ఓడ యెక్కించుటకు ముందుకు వచ్చినది. ఆ ఋణము మందుబిళ్ళయై మన వీథులకే తిరిగివచ్చినది.

ఆ ధనము ఎవరిది? సత్యలింగ నాయకర్ గారు ఈ తీరముననే మత్స్యకార కుటుంబమున పుట్టి, రంగూనుకు పోయి, స్వయంకృషితో ధనికుడై, ఆర్జించినదానిని విద్యకును అన్నమునకును ధర్మముగా వ్రాసియిచ్చిన మహానుభావుడు. కాకినాడలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమువారి పి.జి. ప్రాంగణము నేటికిని ఎం.ఎస్.ఎన్. అను వారి పేరనే వెలయుచున్నది. సుబ్బారావుగారు బీదవారే గాని, అక్షరము తరతరములుగా ఇంటనున్న కులమున పుట్టినవారు. ఆయనను ఏ బడియు గడప వెలుపల కూర్చుండబెట్టలేదు, ఏ బావిగట్టుననుండియు తఱుమలేదు. అట్టివానికే ఇందఱి చేయూత కావలసివచ్చినచో, కులము కట్టిన గోడను, దారిద్ర్యము త్రవ్విన గోతిని రెంటిని దాటిరావలసిన బిడ్డకు ఎన్ని చేతులు కావలెనో ఊహించుకొనవచ్చును. నాయకర్ గారి ధనము ఒక బ్రాహ్మణ యువకుని హార్వర్డు దారి పట్టించుటలో తోడ్పడినది; అది ఆ దాత మనసునకు తగిన ఔదార్యము. కాని ఉప్పాడలోను, భైరవపాలెములోను, అంతర్వేది పల్లిపాలెములోను వేటకు పోవువారి బిడ్డలను అదే దారిలో నిలబెట్టుటకు ఈ వందయేండ్లలో మన శిష్టవర్గము ఎంత పూనుకొన్నదని అడిగినచో చెప్పుటకు గట్టి జవాబు లేదు.

ఒక గది కోసము

మనకు మార్గదర్శకులు లేకపోలేదు. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు స్త్రీవిద్యకై పాటుపడుటతో ఆగక, శరీరశాస్త్రమును జ్యోతిశ్శాస్త్రమును సామాన్యులకు తెలియు తెలుగున వ్రాసిరి. చూపు సరిగా లేని చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అదే పట్టణమున దళితుల బిడ్డలకై రామమోహన పాఠశాలను నెలకొల్పి తాము తిరుగుచు నడపిరి. లూథరన్ మిషనువారి బడులు మాల మాదిగ పల్లెలకు పలకను కొనిపోయినవి. 1904 మొదలు 1919 వఱకు కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు ఆడుపిల్లలను మగపిల్లలతోపాటు కళాశాలలో చేర్చుకొనుటయే గాక, దళిత విద్యార్థులకు తరగతిలో చోటిచ్చిన చాలదు, తల దాచుకొనుటకు చోటును కడుపునకు అన్నమును ఈయవలెనని గ్రహించిరి. పిఠాపురం మహారాజావారు అందులకు వలసిన వసతిగృహమును పోషించిరి. జీతము మాఫీ చేసినంతనే చదువు ఉచితమైనదని నేడు తలచు అధికారులకంటె బ్రహ్మర్షి నాయుడుగారు దూరదృష్టి గలవారు.

రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మగారి ఉదంతము ఇంకను ముచ్చటైనది. ఆమె ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు చేరగోరినప్పుడు, స్త్రీలకు హాస్టలు లేదు గనుక చేర్చుకొనుట సాధ్యము కాదని ఉపకులపతి కట్టమంచి రామలింగారెడ్డిగారు చెప్పిరట. ఆమె వాదమునకు దిగలేదు, కన్నీరు పెట్టలేదు. హాస్టలు లేమిచే వాల్తేరు రాలేకపోయిన ఆడుపిల్లలు తనకు వ్రాయవలసినదని పత్రికలో ప్రకటన వేయించి, వ్రాసినవారిని కూడగట్టి, తామే ఒక వసతిని ఏర్పఱచుకొని, ఇదిగో హాస్టలని చూపి ప్రవేశము పుచ్చుకొనిరి. ఆమె చదివినది రాజనీతిశాస్త్రమే కావచ్చును; కాని ఆ ప్రకటనకు జవాబు వ్రాసిన పిల్లలు అంతకు ముందు ఏ లెక్కలోను లేనివారని గమనింపుడు. చదువగోరు ఆడుపిల్లలు లేరని విశ్వవిద్యాలయము తలచుచుండెను. వారు ఉండిరి, వారికి గది లేకుండెను. నేడు మన కళాశాలల బి.ఎస్సీ. తరగతులలో ఆడుపిల్లలు బెంచీల నిండ కనబడుదురు, ఎం.ఎస్సీ. తరువాత వారు ఏమైరో వెదకినచో పెండ్లి పందిరిలోనో, ప్రైవేటు కాన్వెంటులో చిన్న జీతమునకు పంతులమ్మలుగానో కనబడుదురు. సంసారము వలన పరిశోధనకు దూరమైన స్త్రీలను మరల ప్రయోగశాలకు రప్పించుటకై కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగము 2002–03లో ప్రత్యేకముగా ఒక పథకమును పెట్టినది. అట్టిది కలదని మన ఊళ్ళలో బి.ఎస్సీ. చదివించు తండ్రులకు చెప్పువారెవరు?

బ్యూరెట్టు ముందు

ఇక కళాశాల ప్రయోగశాలలోనికి పోదము. బి.ఎస్సీ. మొదటి సంవత్సరము, రసాయనశాస్త్రపు ప్రాక్టికల్సు. బల్లపై స్టాండునకు బిగించిన బ్యూరెట్టు, ప్రక్కన పిపెట్టు, క్రింద శంక్వాకారపు గాజుకుప్పె, చిన్న సీసాలో ఫినాఫ్తలీను. పట్టణపు పేరుపడ్డ పాఠశాలనుండి వచ్చిన పిల్లవాడు వీనిని లోగడ ఒకటి రెండు మాఱులు ముట్టియుండును. లంకగ్రామపు జిల్లాపరిషత్ పాఠశాలనుండి వచ్చినవాడు, సామగ్రి తాళము వేసిన బీరువాలో నుండగా బీరువా అద్దములో మాత్రమే వీనిని చూచినవాడు. బ్యూరెట్టులోని ద్రవపు పైమట్టము నడుమ క్రుంగి వంపుగా నుండును. ఆ వంపు అడుగును కంటిమట్టమునకు సరిగా తెచ్చి చూడవలెను, పైనుండి చూచిన ఒక లెక్క, క్రిందనుండి చూచిన ఒక లెక్క వచ్చును. క్షారము చుక్కచుక్కగా విడుచుచు, కుప్పెను గుండ్రముగా త్రిప్పుచుండగా, లేత గులాబిరంగు ఒకసారి మెఱసి మాయమగును, మరల మెఱసి ఇంకొంచెము నిలుచును. ఏ చుక్కకు అది పోకుండ నిలిచినదో అచ్చట చేయి ఆపవలెను. ఒక చుక్క ఎక్కువైనచో కుప్పెడు ద్రవమును కెంపురంగెక్కి పాఱబోయవలసివచ్చును. ఇది పుస్తకము చదివిన వచ్చు విద్య కాదు. చేయి చెడగొట్టుకొని, మరల చేసి నేర్చుకొను విద్య. ఒక్క బ్యూరెట్టునకు నలుగురు విద్యార్థులున్నచోట, తెలిసిన చేయి ముందుకు సాగును, తెలియని చేయి రికార్డులో అంకెలు వ్రాసికొనుటకు పరిమితమగును. మూడేండ్లు గడచునప్పటికి ఇరువురికి ఒకే పట్టము. ఒకనికి చేతిలో పని యున్నది, ఇంకొకనికి కాగితము మాత్రమే యున్నది. ఆ రెండవవాడు తరువాత ఎం.ఎస్సీ. ప్రవేశములో వెనుకబడినచో, వెనుకబాటు వాని కులముననో పుట్టుకలోనో కలదని చెప్పువారికి ఆ బల్ల దగ్గఱ నాడు జరిగినది తెలియదు.

వానిని నిలబెట్టుటకు పెద్ద పథకములు అక్కఱలేదు. మొదటి నెల పాఠములు మొదలుకాకముందే, ముట్టియెఱుగనివారి కొఱకు ప్రయోగశాలను సాయంకాలములందు తెఱచి, సీనియరు విద్యార్థులను తోడుగా నిలిపి, చేయి తిరుగువఱకు గాజుసామాను వాడనిచ్చిన చాలును. పగిలిన పిపెట్టునకు జరిమానా వేయు ఆచారము మాత్రము మానవలెను; రెండుదినముల కూలి విలువ చేయు వస్తువును ముట్టుకొనుటకు భయపడు బిడ్డ శాస్త్రమును నేర్వజాలడు.

భాష సంగతి ఇంకను సున్నితమైనది. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, డిగ్రీ తరగతులకు భౌతిక, రసాయన, వృక్ష, జంతుశాస్త్ర గ్రంథములను తెలుగున ప్రచురించుటచే గ్రామీణ విద్యార్థులు ఎందఱో బి.ఎస్సీ. పూర్తి చేయగలిగిరి. 2021–22 విద్యాసంవత్సరమునుండి రాష్ట్రమున డిగ్రీ చదువులన్నియు ఆంగ్లమాధ్యమమునకు మార్చబడినవి. ఆంగ్లము వలదని నేననను. పరిశోధనా పత్రములు ఆంగ్లమున వెలువడుచుండగా, పరిశోధనా వేతనమునకైన సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్ష ఆంగ్లమునను హిందీలోను మాత్రమే జరుగుచుండగా, మన బిడ్డలను ఆంగ్లమునకు దూరము చేయుట ద్రోహమే యగును. కాని పదవ తరగతి దాక తెలుగున ఆలోచించిన బిడ్డ ఒక్క జూలై మాసములో భాషయంతయు మార్చుకొనవలెననుట ఈత రానివానిని నడిగోదావరిలో దింపుటవంటిదే. విషయము తెలుగున బోధించి పారిభాషిక పదములను ఆంగ్లమున అలవఱచుట, రెండు భాషల పుస్తకములను ప్రక్కప్రక్కన ఉంచుట, వైవాలో మొదటి రెండేండ్లు ఏ భాషలోనైనను జవాబు చెప్పనిచ్చుట, ఇవి మంచి అధ్యాపకులు నిశ్శబ్దముగా చేయుచున్న పనులే. వీనికి విశ్వవిద్యాలయము ముద్ర వేసిన చాలును. ఎఱిగియు చెప్పలేక తల వంచుకొన్న విద్యార్థికిని, ఎఱుగనివానికిని భేదము తెలిసికొనుట అధ్యాపకుని మొదటి ధర్మము.

తరగతి వెలుపల నున్నవి

ఆగస్టు మాసమున ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. పత్రికలలో ఇవి అంకెలు. కోనసీమ లంకల విద్యార్థికి ఇవి హాజరుపట్టీలో సున్నలు. కనకాయలంక కాజ్‌వే మునిగినదనిన ఆ ఊరి పిల్లలు పడవపై ఆధారపడవలసినదే. పడవ లేనినాడు ప్రాక్టికలు పోయినట్లే. పోయిన ప్రాక్టికలును మరల పెట్టించు నియమము ఎన్ని కళాశాలలలో కలదు? రంపచోడవరము, మారేడుమిల్లి మన్యములోని కొండరెడ్ల, కోయల బిడ్డల దూరము ఇంకను ఎక్కువ. పోలవరము ప్రాజెక్టు కొఱకు ఊళ్ళు విడిచిన కుటుంబములలో, ఒక్క బదిలీ సర్టిఫికెటునకు ఎన్ని కచేరీలు తిరుగవలెనో ఊహింపవచ్చును.

వికలాంగుల మాట చెప్పవలసినచో మచిలీపట్టణము చెంత సీతారామపురమున అంధుడై జన్మించిన బొల్లా శ్రీకాంతుగారి పేరు చెప్పవలెను. పదవ తరగతి తరువాత అంధునకు సైన్సు గ్రూపు ఈయజాలమని బోర్డు చెప్పగా, ఆయన న్యాయస్థానమునకు పోయి గెలిచి, ఇంటరులో నూటికి 98 మార్కులు తెచ్చుకొని, ఐ.ఐ.టి. శిక్షణాలయములు కాదన్నను అమెరికాలోని ఎం.ఐ.టి.లో చేరిరి. న్యాయస్థానమునకు పోగలిగినవాడు ఒక్కడు. పోలేక ఆర్ట్సు గ్రూపులో చేరినవారు ఎందఱో. మన పాత కళాశాలలలో ప్రయోగశాలలు మేడమీద నుండుట, ఎక్కుటకు మెట్లు తప్ప వేఱు దారి లేకుండుట ఎవరికిని తప్పుగా తోచని విషయమైపోయినది.

పరిశోధన దాక వచ్చినవారికిని దారి నున్నగా లేదు. జె.ఆర్.ఎఫ్. అను పరిశోధనా వేతనమును సంపాదించినవానికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయలు. షెడ్యూల్డు కులముల పరిశోధకుల కొఱకు 2005–06లో మొదలైన జాతీయ ఫెలోషిప్పు మఱి కొందఱకు ఆధారము. కాని ఆ వేతనము నెలల తరబడి ఆలస్యమైనప్పుడు, ధనికుని బిడ్డ తండ్రిని అడుగును, పేదవాని బిడ్డ ట్యూషనులు చెప్పుకొనును. ఆ నెలలలో ప్రయోగము ఆగిపోవును. 2020లో ప్రైవేటు కళాశాలల పి.జి. విద్యార్థులకు ఫీజు రీయింబర్సుమెంటు నిలిపివేసినప్పుడు, ప్రభుత్వ పి.జి. సీట్లు చాలని మన జిల్లాలలో ఎం.ఎస్సీ. ఆశ విడిచినవారు పత్రికల కెక్కలేదు.

డబ్బుకంటె బరువైనది ఇంకొకటి కలదు. గైడు దయ తప్పిన పరిశోధకునికి ప్రయోగశాలలో చోటుండదు. గైడునకు వాని పేరు చూడగనే కులము స్ఫురించినచో ఆ దయ ముందే తప్పును. ఢిల్లీ ఎయిమ్సులో దళిత విద్యార్థుల పట్ల వివక్షను గూర్చి 2007లో తోరట్ సంఘము నివేదిక యిచ్చినది; ప్రతి ఉన్నత విద్యాసంస్థలోను సమానావకాశ విభాగము, వివక్షా నిరోధక అధికారి ఉండవలెనని యు.జి.సి. 2012లో నిబంధనలు చేసినది. అయినను 2016 జనవరి 17న, తొలుత జీవశాస్త్రములలో పరిశోధనకు చేరి, శాస్త్రరచయిత కావలెనని కలలుగన్న గుంటూరు యువకుడు రోహిత్ వేముల, హైదరాబాదు విశ్వవిద్యాలయమున ప్రాణములు విడిచెను. ఆ మరణముపై రాజకీయములు చెలరేగినవి, విచారణలు నడచినవి. నక్షత్రములను గూర్చి తెలుగుబిడ్డ యొకడు వ్రాయవలసిన పుస్తకములు మాత్రము మనకు రాలేదు.

కలసి చదివినవారు

1970ల చివర అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున యూరి ట్రైజ్‌మన్ అను గణిత పరిశోధక విద్యార్థి, నల్లజాతి విద్యార్థులు మొదటి సంవత్సరపు కలన గణితములో ఏల తప్పుచున్నారని పరిశీలించెను. శ్రద్ధ లేకనో, తల్లిదండ్రుల ప్రోత్సాహము లేకనో అని అధ్యాపకులు చెప్పిన కారణములేవియు నిలువలేదు. విద్యార్థుల గదులకు పోయి చూడగా, చైనాజాతి విద్యార్థులు గుంపుగా కూర్చుండి లెక్కలు చేయుచు, ఒకరి తప్పును ఒకరు దిద్దుకొనుచుండిరి. నల్లజాతి విద్యార్థులు రాత్రి పొద్దుపోవు దాక ఒంటరిగా చదువుచు, తమ కష్టము తమకు మాత్రమే కలిగినదనుకొనుచుండిరి. ఆయన వారికి తేలిక లెక్కల ‘రెమెడియల్’ తరగతి పెట్టలేదు. మిక్కిలి కఠినమైన లెక్కలనిచ్చి, కలసి చేయు ఏర్పాటు కావించెను. ఫలితము మాఱెను. 1988లో మేరీలాండు విశ్వవిద్యాలయపు బాల్టిమోరు కౌంటీ శాఖలో ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీగారు ప్రారంభించిన మేయర్‌హాఫ్ ఉపకారవేతనములును ఈ త్రోవనే నడచినవి: తరగతులకు ముందు వేసవి శిక్షణ, ఒకే చోట నివాసము, మొదటి ఏటినుండియే నిజమైన ప్రయోగశాలలో పని. అచ్చటినుండి ఎందఱో నల్లజాతి యువకులు పిహెచ్.డి.లు పుచ్చుకొనిరి.

మన దేశమున దీనికి దగ్గఱగా వచ్చినది 2008లో మొదలైన నూజివీడు ట్రిపుల్ ఐటీ. ట్యూరింగు పురస్కార గ్రహీత రాజ్‌రెడ్డిగారు తొలి కులపతిగా, పదవ తరగతి ముగిసిన గ్రామీణ విద్యార్థులను చేర్చుకొని, ప్రభుత్వ పాఠశాలలలో చదివినవారి గ్రేడునకు 0.4 పాయింట్లు కలిపి, ఆఱేండ్లు ఒక్కచోటనే ఉంచి చదివించు ఆ విధానము ఉభయ గోదావరి జిల్లాల రైతుకూలీల బిడ్డలను ఎందఱినో ఇంజనీర్లను చేసినది. మౌలిక విజ్ఞానశాస్త్రములకు, పరిశోధనకు అట్టి సంస్థ మనకు లేదు. ఉన్నవి మన డిగ్రీ కళాశాలలు: రాజమండ్రి ఆర్ట్సు కళాశాల, కాకినాడ పి.ఆర్. కళాశాల, భీమవరము డి.ఎన్.ఆర్., అమలాపురము ఎస్.కె.బి.ఆర్., వీరేశలింగముగారి ధర్మపత్ని పేర వెలసిన రాజమండ్రి కందుకూరి రాజ్యలక్ష్మి మహిళా కళాశాల. ఉన్నవి మన పరిశోధనా స్థానములు: మార్టేరులో వరి, అంబాజీపేటలో కొబ్బరి, కొవ్వూరులో అరటి. ఈ రెంటిని కలుపు వంతెన లేదు. కోరంగి మడ అడవులలో పెరిగిన బిడ్డకు ఏ నెల ఏ చేప ఏ పాయలోనికి వచ్చునో తెలియును. పులస ఎదురీదు కాలమును గూర్చి వాని తండ్రి చెప్పు మాటను పరీక్షింపదగిన ప్రశ్నగా మార్చుటకు ఒక జంతుశాస్త్రాధ్యాపకుడు వానితో రెండు వేసవులు కూర్చుండిన చాలును. ఉప్పాడ తీరమును సముద్రము కోయుచున్నది, లంకల భూగర్భజలము ఉప్పుబారుచున్నది. ఈ ప్రశ్నలను తమ ఇంటి కష్టములుగా ఎఱిగినవారు శాస్త్రజ్ఞులు కాకున్నచో, ఆ ప్రశ్నలు ప్రశ్నలుగానే యుండును.

కనుక ఈ వ్యాసము చదువుచున్న పెద్దలకు నా విన్నపములు ఇవి. గుడిగోపురములకు, కల్యాణమండపములకు, ఊరి ముఖద్వారములకు విరివిగా చందాలిచ్చు భీమవరపు, కోనసీమ దాతలు, అమెరికాలో స్థిరపడిన మన బంధువులు, ఈ యేడు ఒక్క ద్వారమును ఆపి, ఆ ధనముతో ఒక బి.ఎస్సీ. విద్యార్థిని పిహెచ్.డి. దాక పోషించు బాధ్యతను తీసికొనవలెను. ఒక యేటి స్కాలర్‌షిప్పు కాదు, దారి పొడుగునను తోడు. పరిశోధనా స్థానములవారు వేసవిలో తమ తలుపులను సమీప డిగ్రీ కళాశాలల పిల్లలకు తెఱవవలెను. నన్నయ విశ్వవిద్యాలయమువారు వరదలలో పోయిన ప్రాక్టికలును మరల పెట్టు నియమమును, సాయంకాలపు ప్రయోగశాలను, కలసి చదువు గణితపు తరగతిని తమ కళాశాలలలో ఏర్పఱుపవలెను. మార్కులు చాలని బిడ్డ దరఖాస్తు ముందుకు వచ్చినప్పుడు ఎంపిక సంఘములవారు భీమవరపు మెట్రిక్యులేటును ఒక్కసారి తలచుకొనవలెను.

వేసవి సెలవుల తరువాత డిగ్రీ ప్రవేశములు జరుగును. మీ ఊరి పేటనుండి, పల్లిపాలెమునుండి బి.ఎస్సీ.లో చేరిన బిడ్డ ఎవరో కనుగొనుడు. ఇంటికి పోయి, హాస్టలు దొరకినదా, పుస్తకములున్నవా, భోజనమున కేమి ఏర్పాటని అడుగుడు.